దిష్టిబొమ్మకు తొడిగిన కోటు

పోయిన నెలలో మా అన్నను తిరుపతిలో మట్టి చేసి వచ్చాను. శవపెట్టె పక్కన వాడి మనవడు తెలుపూ నీలం చారల జెర్సీ ఒకటి వేసుకుని నిలబడ్డాడు. అర్జెంటీనా వాళ్ళదట. చావింట్లో ఈ వేషమేమిట్రా, పోయి తెల్లచొక్కా వేసుకురా అని పెద్దలందరూ కసిరారు. వాడు కదల్లేదు. "తాతే కొనిచ్చినాడు" అని మాత్రం అన్నాడు. నేను అడ్డం పడి, "ఉండనీండబ్బా, మీ సొమ్మేం పోయింది?" అన్నాను. నాకు నోరెక్కువని మా వాళ్ళందరికీ తెలుసు కాబట్టి ఊరుకున్నారు. ముప్పయ్యేళ్ళు బడిలో పాఠాలు చెప్పిన నోరది, ఎవరికీ జంకేది కాదు. అలాంటి నోరు, తెరవవలసిన ఒక్క చోట తెరుచుకోలేదు. ఇంతకాలం దాచుకున్న ఆ సంగతి రాద్దామనే కూర్చున్నాను. ఇప్పుడు రాస్తే బాధపడేవాళ్ళు ఇంట్లో ఎవరూ మిగల్లేదు, నేను తప్ప.

చిత్తూరులో మిషన్ బడి వెనక మాది రెండు గదుల పెంకుటిల్లు. నాయన ఆ బడిలో డ్రిల్లు మాస్టరు. ఊరందరికీ ఆయన డ్రిల్లు అయివోరు. సొంత పేరు పాస్టరుకూ పోస్టుమ్యానుకూ తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. శనివారం సాయంత్రమైతే చాలు, వసారాలో చాప పరిచి ఫుట్‌బాల్‌కు సేవ మొదలు పెట్టేవాడు. అప్పటి బంతి తోలుది. లోపల రబ్బరు బ్లాడరు, నోటికి తోలుతాడు. సైకిలు పంపుతో గాలి కొట్టి, చెప్పులు కుట్టే ఆరెతో ఆ తాడును ఒక్కొక్క కన్నంలోంచీ లాగి బిగించి, చివర్న ఆముదం పట్టించి పొట్టలో బిడ్డను నిమిరినట్టు నిమిరేవాడు. ఆరె మా తాతది. తాత చెప్పులు కుట్టి బతికినవాడు. లోపల అమ్మ సంగటి కెలుకుతూ, "ముద్ద నోట్లో పెట్టుకుంటే తోలు వాసనొస్తాండాది. ఆ బంతికి పెట్టిన ఆముదం నా తలకు పెట్టుకోనుంటే మోకాళ్ళ దాకా జుట్టుండేది" అని సణిగేది. నాయన నవ్వేవాడు. ఊరిబిండి పచ్చడి నూరుతున్న రోటి చప్పుడు, చెనిక్కాయల కమ్మటి వాసన, దాని మీద ఆముదం, దాని మీద తోలు. శనివారం అంటే నాకిప్పటికీ అదే.

ఇంట్లో ఆ బంతి కంటే ఎక్కువ సేవ చేయించుకునే వస్తువు ఇంకొకటి ఉండేది. అదొక ముదురు నీలం కోటు. ఇత్తడి గుండీలు. మిషన్ బడిని నడిపిన ఇంగ్లండు దొర, దేశం విడిచి పోయేటప్పుడు తన ఒంటి మీది కోటు విప్పి నాయనకు తొడిగి పోయాడట. నాయన దాన్ని ఏడాదికి ఒక్కసారి, బడి ఆటల పండగ రోజున, ఫైనల్ మ్యాచ్‌కు రెఫరీగా దిగేటప్పుడు మాత్రం వేసుకునేవాడు. మండే ఎండలో కూడా గుండీలన్నీ పెట్టుకుని మైదానమంతా పరిగెత్తేవాడు. చెమటతో తడిసిపోయి ఇంటికి వచ్చి, దాన్ని నీడన ఆరేసి, నాఫ్తలీన్ ఉండలు గుడ్డలో మూటకట్టి మడతల్లో పెట్టి, ట్రంకుపెట్టెలో దాచేవాడు. నాకు పన్నెండేళ్ళొచ్చాక ఆ పని నాకు అప్పజెప్పాడు. నెలకోసారి తీయడం, గాలికి ఆరేయడం, మళ్ళీ మడత పెట్టడం. తాళంచెవి తాడుకు కట్టి నా మెడలో వేశాడు. "ఇంట్లో నిదానమైన సెయ్యి నీదొక్కటే పాపా" అన్నాడు. అమ్మతో మాత్రం, "నన్ను పూడ్సేటప్పుడు నాకా కోటు తొడగండి. నాకింకేం కోరికల్లేవు" అనేవాడు. అమ్మ ప్రభువా అని గుండెల మీద చెయ్యేసుకుని, సందెపూట ఏం మాటలని తిట్టేది.

ఆ కోటు మీద అంత ప్రాణమెందుకో అప్పుడు నాకు సగమే తెలుసు. నాయన చిన్నప్పుడు, ఊరి బయటి మా పల్లె పిల్లలు మిషన్ బడిలో చేరిన కొత్తల్లో, ఊళ్ళో పిల్లలు వీళ్ళతో ఒక బల్ల మీద కూర్చునేవాళ్ళు కాదు. దొర తెచ్చిన కొత్త ఆటలో మాత్రం చిక్కొచ్చి పడింది. బంతి ఎవరి కాలి దగ్గరుంటే వాళ్ళ మీద పడి లాక్కోవాలి, భుజంతో భుజాన్ని తోయాలి. మా నాయన కాలి దగ్గరికి బంతి వస్తే పదిమంది దూరంగా నిలబడి చూసేవాళ్ళట. ఆయన ఒక్కడే నింపాదిగా నడుచుకుంటూ పోయి గోలు కొట్టేవాడట. అప్పుడు దొర ఆట ఆపి, వచ్చీరాని తెలుగులో, తాకనివాడు ఈ ఆట ఆడలేడు, ఇంటికి పోవచ్చు అన్నాడట. కొందరు పోయారు. రెండు వారాలు గట్టు మీద కూర్చుని చూశారు. తర్వాత ఒక్కొక్కరే దిగారు. "బంతి కోసరం దిగినారు లే, నా కోసరం కాదు" అని నాయన నవ్వుతూ చెప్పేవాడు. "అయినా ఫస్టుసారి ఒక రెడ్డిగారి పిల్లోడు నా భుజాన్ని గుద్ది కింద పడేసినాడు సూడు. ఆ పొద్దు నేను ఏడ్సినాను. నొప్పికనుకున్నారు అందరూ."

అన్ని భుజాలూ కలవాలన్న మనిషి నన్ను మాత్రం గీత అవతల నిలబెట్టేవాడు. నిమ్మకాయ ముక్కలూ నీళ్ళకుండా పట్టుకుని. నాకు ఆ బంతిని తన్నాలని ఒకటే దురద. "ఆడపిల్లవి. కాలిరిగితే ఎవురు సేసుకుంటారు?" అనేవాడు. అన్న అట్లా కాదు. నాయన ఆదివారం గుడి మీటింగులో ఉన్నప్పుడు వంటింటి వెనక నాకు బంతి వేసి, "తన్ను మే! గోడ పడిపోవల్ల!" అని కేకలు పెట్టేవాడు. గోడ పడలేదు కానీ అమ్మ ఊరగాయ జాడీ ఒకటి పగిలింది. ఆ నేరం కూడా వాడే నెత్తిన వేసుకున్నాడు.

అన్న తిరుపతిలో యూనివర్సిటీ చదువుకు పోయి, రెండేళ్ళకు గడ్డంతో, సంచినిండా పుస్తకాలతో తిరిగొచ్చాడు. మాట మారింది. అన్నం తినేటప్పుడు కూడా సామ్రాజ్యవాదం. ఏదో సముద్రంలో దీవుల కోసం ఇంగ్లండుకూ అర్జెంటీనాకూ యుద్ధం జరిగి అప్పటికి నాలుగేళ్ళు. చిత్తూరుకూ ఆ దీవులకూ ఏం సంబంధమంటారా? అన్ననడిగితే గంటసేపు చెప్పేవాడు. ఆ ఏడాది ప్రపంచ కప్పు మొదలు కాకముందే మామిడికాయల మండీలో గుమాస్తాగా ఉండే స్నేహితుడు మునిరత్నంతో కలిసి అర్జెంటీనా అభిమానుల సంఘం పెట్టాడు. అభిమానులంటే మా ఊళ్ళో సినిమా వాళ్ళకే ఉంటారు. మునిరత్నం అసలు ఒక సినిమా హీరో సంఘానికి కార్యదర్శి. కటౌటు కట్టడం, తోరణాలు వేయడం, బొమ్మ ముందు గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి హారతిచ్చి పగలగొట్టడం, ఇవన్నీ వాళ్ళకు చేతి కింది పనులు. నినాదాలు మా అన్నవి, పటాసులు వాళ్ళవి. ఎర్రమట్టితో కోర్టు ముందరి గోడంతా 'అర్జెంటీనా జిందాబాద్' అని రాశారు. వకీళ్ళు చదువుకుని, ఇదెవరి కొత్త పార్టీ అని అడిగారట.

ఆ రెండు దేశాల మ్యాచ్ మా ఇంట్లో ఎవరం చూడలేదు, టీవీ లేదు కాబట్టి. పొద్దున రేడియోలో విన్నాం. అర్జెంటీనా రెండు, ఇంగ్లండు ఒకటి. మరునాటి పేపర్లో ఫొటో వచ్చింది. అర్జెంటీనా ఆటగాడు గాల్లోకి లేచి బంతిని చేత్తో కొడుతున్నాడు, రెఫరీ అది చూడక గోలిచ్చేశాడు. నాయన ఆ పేపరును వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు.

"సేత్తో కొట్టినాడు. ఇది గోలు కాదు" అన్నాడు.

అన్న స్నానం చేసి తల తుడుచుకుంటున్నాడు. "దీవుల్ని సేత్తో కొట్టేసినోళ్ళకి, ఒక్క బంతి సేత్తో కొడితే ఇంత నొప్పేల నాయనా?"

"అది వేరే. ఆట ఆటేరా."

"ఆటేం ఆకాశంలోంచి పడిందా? మన నెత్తిన కూసోని రెండు వందల ఏండ్లు ఫౌలాడినారు. అప్పుడు విజిలెవురు ఊదినారు? దేశమంతా దోసుకోని నీకొక కోటిచ్చి పోయినాడు మీ దొర. ఆ కోటు నువ్వింకా మోస్తాండావు!"

నాయన పేపరు మడిచాడు. "కోటు గాదురా..." అని మొదలు పెట్టి ఆగిపోయాడు. రెడ్డిగారి పిల్లోడి కథ అప్పుడు అన్నకు ఇంకోసారి చెప్పి ఉంటే? ఏమో. అన్న దాన్ని వంద సార్లు విన్నాడు. విన్నాడే గానీ వినలేదు. నాయనకూ అంతే, పుస్తకాల్లో కొడుకు చదివింది అబద్ధం కాదని లోపల తెలుసు. ఇద్దరిలో ఎవరిదీ తప్పని నేను ఇప్పటికీ చెప్పలేను.

ఆ మధ్యాహ్నం అన్న వంటింటి వెనకకు వచ్చి, "మే, తాళంచెవి ఇయ్యి" అన్నాడు. సాయంత్రం ఊరేగింపుంది, ఇంగ్లండు దిష్టిబొమ్మ తయారైంది, దానికి అసలైన దొర కోటు ఒకటుంటే చూసినవాడికి అర్థమవుతుందని మునిరత్నం అన్నాడట. "తగలబెట్టే ముందు ఇప్పేస్తాము. నా మీద ఒట్టు. నాయన గ్రౌండు నుంచి వచ్చే లోపల మళ్ళీ నీ పెట్టెలో ఉంటాది." నేను వద్దనలేదు. ఎందుకనలేదో ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుక్కుంటూనే ఉన్నాను. అన్న నన్నొక పెద్దమనిషిలా నమ్మి అడిగాడన్న సంతోషం ఒకటి. ఇంకొకటి చెప్పడానికి సిగ్గుగా ఉంది. నిమ్మకాయ ముక్కల కోపం. ఆ కోటు వేసుకుని ఊరి పిల్లలందరితో పరిగెత్తే మనిషి, నన్ను ఒక్క రోజు కూడా గీత దాటనివ్వలేదన్న కోపం. మెడలోంచి తాడు తీయలేదు, నేనే పోయి పెట్టె తెరిచి కోటు తీసి ఇచ్చాను. తీశాక మిగిలిన గుడ్డలు సరిగ్గా మడిచి, నాఫ్తలీన్ మూట మధ్యలో పెట్టి తాళం వేశాను. నాకు అలవాటైన పని అది.

ఊరంతా మాగిన మామిడి వాసన వేసే రోజులు. మండీలో గంపల అడుగున పరిచే ఎండుగడ్డిని కుక్కి చేశారు ఆ బొమ్మను. డప్పులతో వీధులన్నీ తిప్పి, ఇంకా పొద్దు ఉండగానే బడి మైదానంలోకి తెచ్చారు. అక్కడ నాయన పిల్లలకు మ్యాచ్ ఆడిస్తున్నాడు. నేను గీత దగ్గర నీళ్ళకుండతో ఉన్నాను. వెదురుకర్ర మీద ఊగుతూ నీలం కోటు లోపలికి రావడం, ఇత్తడి గుండీల మీద ఎండ పడడం ముందు నేనే చూశాను. అప్పటికే కిరసనాయిలు పోసేశారు, కాళ్ళ మీద మాత్రమే. అన్న, "ఆగండప్పా, కోటు ఇప్పల్ల, ఆగండి!" అని నిచ్చెన కోసం అరుస్తున్నాడు. ఈలోగా మునిరత్నం గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి బొమ్మ ముందు తిప్పడం మొదలు పెట్టాడు. శత్రువు బొమ్మకు హారతేమిట్రా అని ఎవరికీ తోచలేదు. వాళ్ళ చేతులు ఎప్పుడూ చేసే పని అదే, బొమ్మ కనిపిస్తే హారతి. మూడో తిప్పుకు కర్పూరం బిళ్ళ జారి గడ్డి మీద పడింది. ఒక్కసారిగా భగ్గుమంది.

అప్పుడు విజిల్ వినిపించింది. ఫౌలుకు ఊదే పొడుగాటి విజిల్. డప్పులు ఆగాయి, అరుపులు ఆగాయి. ఆ గుంపులో ఉన్నవాళ్ళు దాదాపు అందరూ చిన్నప్పుడు నాయన విజిల్‌కు ఆగడం నేర్చుకున్నవాళ్ళే. అందరూ ఉన్నచోట ఉన్నట్టే నిలబడ్డారు, మంట తప్ప. అన్న ఒక్కడు కర్రను కిందికి లాగి, ఉత్త చేతులతో గుండీలు పీకుతున్నాడు. నాయన నడుచుకుంటూ వచ్చి, మంటకు నాలుగడుగుల దూరంలో నిలబడి చూశాడు. నా వైపు చూశాడో లేదో, నేను తలెత్తలేదు. వెనక్కు తిరిగి ఆడుతున్న పిల్లలతో, "ఇంకా పది నిముసాలుండాది ఆట. పోండి, ఎవురి సోట్లలో వాళ్ళు నిలబడండి" అన్నాడు. పది నిమిషాలూ ఆడించాడు. ఒక్క తప్పు కూడా వదలకుండా విజిల్ ఊదాడు.

ఇంట్లో అమ్మ శోకాలు పెట్టింది. బతికుండగానే మనిషి బట్టలు కాలిస్తే ఇంకేముందని తల బాదుకుంది. పెట్టె ఎట్లా తెరిచావురా అని అన్నను నిలదీసింది. అరచేతులు రెండూ బొబ్బలెక్కి ఉన్నాయి వాడికి. నేను నోరు తెరిచాను. నిజంగా తెరిచాను. ఈలోగా అన్న, "పాప నీళ్ళు పోసుకుంటా తాళంచెవి గూట్లో పెట్టింటే నేనే తీసినాను" అనేశాడు. నేను నోరు మూసుకున్నాను. అంత సులువుగా. అమ్మ వాడిని, నా కడుపున దొంగ పుట్టాడని, నా కళ్ళకు కనపడొద్దని తిట్టింది. మరునాడు పొద్దున్నే అన్న తిరుపతి బస్సెక్కాడు. నాయన వాహ్యాళికని అంతకు ముందే బయటికి వెళ్ళిపోయాడు. ఆ శనివారం వసారాలో చాప పడలేదు. ఆ తర్వాతా పడలేదు. బంతి బడి గదిలోనే ఎండి బీటలు వారింది.

మూడేళ్ళ తర్వాత నాయన పోయాడు. ఆటల పండగకు రెండు రోజుల ముందు, బడిలో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే. అన్నకు టెలిగ్రాం ఇచ్చాం. శవపెట్టె మూత వేయబోతుండగా వచ్చాడు, చంకలో ఒక పొట్లంతో. తిరుపతిలో దర్జీ దగ్గర కుట్టించాడట. ముదురు నీలం కోటు, ఇత్తడి గుండీలు. టెలిగ్రాం అందాక కుట్టించింది కాదని గుడ్డ చూస్తేనే తెలుస్తోంది. ఎన్నాళ్ళ నుంచో మడతల్లో ఉంది. "అమ్మా, ఇది తొడుగుదాము. నాయన అడిగినాడు గదా" అన్నాడు. అమ్మ లేచి పెట్టెకు అడ్డంగా నిలబడింది. "దొంగ సేతులతో తెచ్చింది నా మొగుడికొద్దు. ఉత్త సొక్కాతోనే పోతాడు" అంది. పాస్టరుగారు సర్దిచెప్పబోతే ఆయన్నీ కసిరింది. అన్న కోటు రెండు చేతుల మీదా పెట్టుకుని అట్లాగే నిలబడ్డాడు, చాలాసేపు. అరచేతుల మీద కాలిన మచ్చలు కనిపిస్తున్నాయి. అమ్మా, వీడు దొంగ కాదు, పెట్టె తెరిచింది నేను. ఈ ఆరేడు మాటలే కదా. అప్పటికి నేను టీచరు ట్రైనింగులో ఉన్నాను, నలుగురిలో మాట్లాడడం నేర్పించే చోట. చుట్టాలందరి ముందూ భయమేసింది. మూత వేశారు. అమ్మ ఇంకో పదకొండేళ్ళు బతికింది. అన్న పెళ్ళికి పోలేదు, వాడి పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోలేదు.

ఇప్పుడు ఆ మైదానం సగం దుకాణాలైంది. మిగిలిన సగంలో కార్లు నిలుపుతున్నారు. పిల్లలు ఎక్కడెక్కడి క్లబ్బులకో అభిమానులు. ఓడిపోతే ఫోన్లలో ముక్కూమొహం తెలియనివాళ్ళను అమ్మనా బూతులు తిట్టుకుంటారట. దిష్టిబొమ్మలు లేవు, డప్పులు లేవు, ఎవరి కోటూ కాలదు. మేలే అనుకోవాలి. కానీ మా వాళ్ళు ఒక ఆటలో దేశాల అన్యాయాల్నీ, తమ అవమానాల్నీ వెతుక్కుని నిజంగా బాధపడ్డారు. ఆ బాధకు ఇల్లే కాలింది. వయసు మీద పడ్డాక అన్న ఒకసారి నాతో అన్నాడు. తాము జేజేలు కొట్టడానికి కొన్నేళ్ళ ముందు అర్జెంటీనాను మిలిటరీ వాళ్ళే ఏలారట, పిల్లలు మాయమైపోయి తల్లులు వీధుల్లో తిరిగారట, అదే సమయంలో అక్కడ కప్పు గెలిచి ఊరేగారట. "ఆ జెండా కింద గూడా తల్లులు ఏడ్సినారు మే. మేము సదవలేదు ఆ పేజీ" అన్నాడు. అయినా ఆ జట్టును వదల్లేదు. వదలడం వాడికి చేతకాదు.

పోయే ముందు ఆసుపత్రిలో నాలుగు రోజులు వాడి పక్కన కూర్చున్నాను. రెండో రోజు ధైర్యం చేసి అడిగాను. "పెట్టె తెరిసింది నేనని అమ్మకేల సెప్పలేదు అన్నా? ఇన్నేండ్లు ఆ దొంగ మాట ఏల మోసినావు?"

వాడు ఆక్సిజన్ గొట్టం పక్కకు జరుపుకుని, "నాయన సెప్పొద్దన్నాడు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆ పొద్దున నాయన వాహ్యాళికి పోలేదట. బస్టాండులో తిరుపతి బస్సు దగ్గర నిలబడి ఉన్నాడట. కొడుకు కాలిన చేతులకు ఆముదం రాసి, తన తువ్వాలు చించి కట్టు కట్టాడట. కోటు మాటెత్తలేదట. "పెట్టెలో గుడ్డల మడత సెదరలేదురా. అది పాప సెయ్యి. మీ అమ్మకి తెలియనీయొద్దు. ఆడపిల్ల, ఆ ఇంట్లో బతకల్ల" అన్నాడట. అంతే, బస్సు కదిలిందట.

నేను మంచం పట్టీ పట్టుకుని ఏడ్చాను. నాయనకు తెలుసు. తెలిసి మూడేళ్ళు నా చేతి అన్నం తిన్నాడు, నన్ను పాపా అని పిలిచాడు, ఒక్క రోజు కూడా ముఖం తిప్పుకోలేదు. అన్న నా తల మీద చెయ్యి వేశాడు. ఆ అరచేయి ఇప్పటికీ గరుకే.

"ఏడవద్దు మే. నాకు నీ మీద కోపం యాడిది?" అన్నాడు. కాసేపు ఊపిరి తీసుకుని, కిటికీ వైపు చూస్తూ, "ఆ పొద్దొక్కటే. కోటు పట్టుకోని నిలబడినాను గదా, నాయన పెట్టె కాడ. నేను సెప్పగూడదు, నాయనకి మాటిచ్చినాను. నువ్వు సెప్తావేమోనని సూసినాను" అన్నాడు.